ప్లేటు మీద ఎనిమిది వందలు

ఎల్.బి. నగర్,
7 ఆగస్టు 2011

కౌసల్యా,

రాజయ్య గారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నారని మీ మరిది హరిప్రసాద్ నిన్న మా దుకాణానికి వచ్చి చెప్పాడు. ఊపిరితిత్తులు బాగా నీరసించాయనీ, రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలనీ అన్నాడు. వింటూ ఉంటే నాకే గాలి చాలనట్టయింది. ఈ ఉదయం అమ్మవారి ముందు దీపం పెట్టి, ఆయన పేరు చెప్పుకుని, నేరుగా వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

నీ చెవులకు ఫోను అందదు కాబట్టి మనకు ఉత్తరాలే మిగిలాయి. ఒక రకంగా నాకు ఇదే బాగుంది. ఫోనైతే తిన్నావా, బాగున్నావా దగ్గరే అయిపోయేది.

మీరు పోచంపల్లి వెళ్ళి రెండేళ్ళయింది. ఇప్పటికీ మీ గోడవైపు కిటికీ తెరిచినప్పుడు తడినూలు వాసన వస్తుందేమోనని ఓ క్షణం ఆగిపోతాను. పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన బతికాం కదా. మీ వాటాలో ఇప్పుడు కోచింగ్ పిల్లలున్నారు. నువ్వు ఎర్రనూలు, పచ్చనూలు ఆరేసిన తీగ మీద బనియన్లు వేలాడుతుంటాయి.

ఆ మిషను కరెంటు మీద నడుస్తుందట కదా. మీ ఊళ్ళో కరెంటు సంగతి నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఇన్వర్టర్లు చేస్తున్న మనిషి మా ఇంట్లోనే ఉండగా నువ్వు భయపడకు. ఏమేం నడవాలో రాయి.

నీ దుర్గక్క

*

పోచంపల్లి,
21 ఆగస్టు 2011

అక్కా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. రెండు మాటలు మాట్లాడితే ఆయాసం, అయినా ఊరుకోరు. “దుర్గమ్మ ఇంక గా కిటికి కాడనే నిలబడుతున్నదా? ఇంత నూలు పంపియ్యి, ఆరేసుకుంటది” అన్నారు. నవ్వి, దగ్గి, పడుకున్నారు.

మిషను మంచం పక్కనే పెట్టాం. లోపల ఏదో జంతువు నిద్రపోతున్నట్టు గుర్రుమంటూ ఉంటుంది. నాకు చెవితో వినబడదు గానీ, నేల మీద అరికాలు ఆనిస్తే తెలుస్తుంది. పగలంతా ఇంట్లో ఎటు తిరిగినా ఆ అదురు నా కాళ్ళకు తెలుస్తూ ఉంటుంది. అది తెలిసినంతసేపు ఆయన ఊపిరి నడుస్తున్నట్టే. కరెంటు పోగానే నేల చచ్చిపోతుంది. చేతిలో ఏమున్నా అక్కడే వదిలి పరుగెడతాను.

మిషను వెనక మూడు వందల యాభై వాట్లని రాసి ఉందని మా అమ్మాయి ఇందు చూసి చెప్పింది. రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు కూడా నడిస్తే చాలు. బావను అడుగు. ఆయన ఏది మంచిదంటే అది.

మీ కౌసల్య

*

ఎల్.బి. నగర్,
15 సెప్టెంబరు 2011

కౌసల్యా,

రేపు హరిప్రసాద్ వ్యానులో ఇన్వర్టరూ బ్యాటరీలూ వస్తాయి. నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూ వేలం చూసి వచ్చిన హుషారు అతనికి ఇంకా దిగలేదు. పెట్టెను ఎత్తి చూసి, “అక్కా, గిది లడ్డు కన్న బరువున్నది. తెలంగాణ ఒచ్చినంక గూడ మీ డబ్బాలే కొంటం తియ్యి” అన్నాడు. మా ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

సకల జనుల సమ్మె మొదలైంది కదా. బొగ్గుగనుల వాళ్ళు కూడా పని ఆపారు, ఇక కరెంటు కోతలు పెరుగుతాయని అందరూ అంటున్నారు. నిన్న మన రింగురోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటలు చేశారు. బస్సులు తిరిగే చోట అన్నం ఉడుకుతుంటే, ఆ పొగలో రోడ్డు ఎంత వెడల్పో మొదటిసారి కనబడింది. నేను మేడ మీద నుంచి చూస్తూ ఉండిపోయాను. కింద ఒకావిడ తలెత్తి, “చూసుడేంది, దిగి రా, తిందువు” అని పిలిచింది. చెయ్యి ఊపానే గానీ దిగలేదు. ఎందుకు దిగలేదని సాయంత్రం దాకా అనుకున్నాను.

దుకాణంలో ఒకటే రద్దీ. చైతన్యపురి హాస్టళ్ళ వాళ్ళందరికీ ఇప్పుడే కావాలి. పక్క దుకాణం వైపు చూపించి, “గదే సైజుకు ఆళ్ళు ఎనిమిది వందలు రాస్తున్నరు, మీదేంది తక్కువ?” అని అడుగుతున్నారట. పెట్టె ఎంత భారం మోస్తుందో రాసే ప్లేట్లు మా ఆయన కొత్తవి కొట్టించారు. ఆ గొడవంతా నీకెందుకులే.

నీ పెట్టెకు ప్లేటు నేనే నా చేత్తో బిగించాను. కుంకుమ బొట్టు పెట్టి పంపుతున్నాను.

నీ దుర్గక్క

*

పోచంపల్లి,
25 సెప్టెంబరు 2011

అక్కా,

నీ పెట్టె మా ఇంట్లో దేవుడి అర కింద కూర్చుంది. ఇప్పుడు కరెంటు పోయినా నాకు తెలియదు. నేల అదురుతూనే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం ఊరంతా ఆగిపోయి ఉంది. మగ్గాలు లేవు, టీవీలు లేవు. మా ఇంట్లో మాత్రం ఫ్యాను తిరుగుతుంటే ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తూ పడుకున్నారు. పడవలో పోతున్నట్టుంది అన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఏ పనీ గుర్తు రాలేదు.

పక్కింటి లచ్చమ్మకు షుగరు, ఉక్కపోత తట్టుకోలేదు. ఇందు కాగితం మీద లెక్క వేసింది. మిషను మూడు వందల యాభై, మా రెండు ఫ్యాన్లు నూట యాభై, లైట్లు ఎనభై. మొత్తం ఐదు వందల ఎనభై. ప్లేటు మీద ఎనిమిది వందలుంది కదా! గోడ మీదుగా తీగ లాగి లచ్చమ్మకు ఒక ఫ్యాను, ఒక లైటు ఇచ్చాం. ఆరు వందల తొంభై అయిదు. ఇంకా నూట అయిదు మిగిలిందని ఇందు అంటే, “మిగిలిందంటే టీవి గూడ పెట్టుండ్రి” అంది లచ్చమ్మ. ఆశకు అంతుంటుందా!

పెట్టె వెచ్చగా ఉంటుంది. మా పిల్లి దాని మీదే పడుకుంటోంది. సాయంత్రాలు అందులోంచి సన్నగా, లక్క కాగినట్టు ఒక వాసన వస్తోంది. దేవుడి అర కింద కదా, ధూపంలాగే ఉంది.

మీ కౌసల్య

*

ఎల్.బి. నగర్,
28 సెప్టెంబరు 2011

కౌసల్యా,

నీ ఉత్తరం అందగానే ఇందుతో ఫోనులో మాట్లాడాను. లచ్చమ్మ ఇంటి తీగ తీసేయమని చెప్పాను. ఒక ఫ్యాను కూడా ఆపేయండి. పిల్లిని దాని మీద పడుకోనివ్వకండి.

ఎక్కువ పెడితే బ్యాటరీలు త్వరగా పాడవుతాయి, అందుకే చెబుతున్నాను. వేరే ఏం లేదు.

ఈ రోజు నుంచి నవరాత్రులు. పూజలో ఉండి తొందరగా రాస్తున్నాను. రాజయ్య గారి పేరు రోజూ చెప్పుకుంటున్నాను.

దుర్గక్క

*

పోచంపల్లి,
1 అక్టోబరు 2011

అక్కా,

నువ్వు చెప్పావని తీగ తీసేశాం. లచ్చమ్మ గోడ అవతల నిలబడి, నాకు వినబడాలని గొంతు పెంచి మరీ అంది. “ఆంధ్రోళ్ళ డబ్బా గట్లనే ఉంటది. రాసుడు ఎనిమిది వందలు, ఇచ్చుడు మూడు వందలు. గందుకే గద మనం రోడ్లెక్కింది!” చుట్టూ బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు నవ్వారు.

నేను ఊరుకోలేదక్కా. పద్దెనిమిదేళ్ళలో మా దుర్గక్క నాతో ఒక్క అబద్ధం ఆడలేదని చెప్పాను. అందరినీ లోపలికి పిలిచి ప్లేటు చూపించాను. “గీ ప్లేటు ఆమె చేత్తోని బిగిచ్చింది, బొట్టు గూడ చూడుండ్రి” అన్నాను. తీగ మళ్ళీ నేనే కట్టించాను. బ్యాటరీ పాడైతే పాడవనీ. నీ మాట పోవడం కన్నా అది నయం.

నిన్న ఒకటి జరిగింది. మధ్యాహ్నం కోతలో పెట్టె దానంతట అదే ఆగిపోయింది. నేను పెరట్లో తంగేడు పూలు పేరుస్తున్నాను, కాళ్ళ కింద మట్టి కాబట్టి తెలియలేదు. ఇందు వచ్చి చెయ్యి పట్టి లాగింది. ఆయన పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఐదారు నిమిషాలకు మళ్ళీ నడిచింది. బ్యాటరీలో నీళ్ళు తగ్గాయేమో. బావను అడిగి రాయి.

మీ కౌసల్య

*

ఎల్.బి. నగర్,
5 అక్టోబరు 2011, మహానవమి

కౌసల్యా,

ఈ ఉత్తరం నీకు చేరేలోపే ఇందు నీకు అన్నీ చెప్పి ఉంటుంది. పొద్దున ఆ పిల్లకు ఫోను చేసి దాచకుండా చెప్పాను. మిషను, ఒక్క లైటు తప్ప అన్నీ వెంటనే తీసేయించాను. కానీ నా నోటితో నీకు చెప్పుకోలేను కాబట్టి, నా చేత్తో రాస్తున్నాను.

ఆ ప్లేటు మీది అంకె నిజం కాదు. నీ పెట్టె ఐదు వందలది.

దుకాణంలో గోడకు వంద వాట్ల బల్బులు వరుసగా బిగించి ఉంటాయి. కొత్త రకం పెట్టె చేసినప్పుడు ఒక్కొక్క బల్బే వెలిగిస్తూ దాని మీద భారం పెంచుతారు. ఒక నిమిషం మోస్తే లెక్కలోకి రాదు. నాలుగు గంటలు మోయాలి. తర్వాత ఆపేసి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టగలగాలి. లేకపోతే ఒక బల్బు తగ్గించి, చల్లారాక మళ్ళీ మొదటినుంచి. “జనం దీన్ని గాలాడని మూలలో పెడతారు దుర్గా, ఎండాకాలమూ వస్తుంది, మనం తక్కువే రాయాలి” అనేవారు మా ఆయన. ఇరవై ఆరేళ్ళు అలాగే రాశారు. పోయిన నెలలో అదే పెట్టెకు ఎనిమిది వందల ప్లేట్లు తెచ్చారు. “అందరూ రాస్తున్నారు, మనం ఒక్కళ్ళం తక్కువ రాస్తే చేతకానివాళ్ళం అనుకుంటున్నారు” అన్నారు. నేను మాట్లాడకుండా బిగించాను. నీ పెట్టెకు బిగించేటప్పుడు కూడా చెయ్యి ఒక్క క్షణమే ఆగింది.

ఇంకొకటి. ప్లేటు మీద ఉండేది వీఏ, నీ మిషను మీద ఉండేది వాట్లు. రెండూ ఒకటి కాదు. పాలు కాచే గిన్నె అనుకో. గిన్నె పట్టేది వీఏ, నువ్వు పోసే పాలు వాట్లు. పొంగుకు చోటు వదలాలి కదా. ఐదు వందల గిన్నెలో నాలుగు వందలకు మించి పోయకూడదు. మీరు ఏడు వందలు పోశారు. నీకు ధూపంలా తోచింది లోపలి తీగ మీది పూత మాడే వాసన. పెట్టె తనంతట తాను ఆగింది ఆ వేడికే.

మొదటిసారి ఫోను చేసినప్పుడే ఇదంతా చెప్పాల్సింది. బ్యాటరీ అని సాకు చెప్పాను. లచ్చమ్మ అలాంటి మాట అంటుందని ముందే తెలుసు. ఆ మాట నిజమవుతుందని సిగ్గుపడ్డాను. నువ్వేమో నన్ను నమ్మి మళ్ళీ తీగ కట్టావు.

ఈ రోజు ఆయుధపూజ. పనిముట్లన్నిటికీ పసుపు రాశాను. పట్టకార్లకు, స్క్రూడ్రైవర్లకు, బల్బుల పలకకు బొట్లు పెట్టాను. ప్లేట్ల కట్ట దగ్గరికి వచ్చేసరికి వేలు కదల్లేదు. నీ ఉత్తరం అప్పటికి నా నడుముకు దోపుకుని ఉంది. మా ఆయన, “పెట్టు, మంచి ఘడియ దాటిపోతోంది” అన్నారు. ఉత్తరం తీసి ఆయన చేతికిచ్చాను. చదివారు. నేరేడు పండు అన్నచోట ఆగి, కళ్ళజోడు తీసేశారు.

దుర్గ

*

పోచంపల్లి,
9 అక్టోబరు 2011

విజయదుర్గ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇందు ముందే చెప్పింది.

ఊరి ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించాను నేను. ఆ సంగతి మీరు మర్చిపోకండి.

పండుగనాడు లచ్చమ్మ జమ్మి ఆకు పెట్టడానికి వచ్చి, ప్లేటు ఏదని అడిగింది. మేకుతో గీకేశానని చెప్పాను. ఆమె ఆకు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఏదన్నా అంటే బాగుండేది.

ఈయన మాత్రం మీ వైపే. ఆగి ఆగి ఒక మాట అన్నారు. “మా నాయిన చీర అయిదున్నర గజాలని చెప్పి, నాలుగు వేళ్ళు ఎక్కువనే నేసేటోడు. నేను గూడ నేసిన. ఒక్క పెండ్లిళ్ళ సీజన్ల మాత్రం, గిరాకి మస్తున్నదని, కొలిచినకాడికే కోసిన. ఎవ్వలూ పట్టలేదు. నాకే నిద్ర పట్టలేదు. దుర్గమ్మకు గూడ పట్టదు, రాయి.” అందుకే రాస్తున్నాను. లేకపోతే రాసేదాన్ని కాదు.

మీ పెట్టెను ఇప్పుడు ముట్టుకోవడానికి భయంగా ఉంది. ఆపేశాం. ఆసుపత్రి నుంచి రెండు ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చి పెట్టుకున్నాం. కరెంటు పోయినప్పుడల్లా అవే. పొదుపుగా వాడితే వారం వస్తాయి. సమ్మె వారంలో అయిపోయేలా లేదు.

ఐదు వందలు అంటున్నారు, నాలుగు వందలు అంటున్నారు. నాకు దుకాణం అంకె వద్దు. బావ అంకె కూడా వద్దు. మీ చెయ్యి పెట్టి చూసి, మీకు తెలిసిన అంకె కాగితం మీద రాసి పంపండి. అది వచ్చాకే నడుపుతాను.

కౌసల్య

*

ఎల్.బి. నగర్,
15 అక్టోబరు 2011

కౌసల్యా,

అంకె ముందు రాస్తాను. మూడు వందల తొంభై వాట్లు. అంటే మిషను, ఒక్క ట్యూబులైటు. ఇంకేమీ లేదు. ఇందుతో ఫోనులో చెప్పాను. నువ్వు కాగితం మీద అడిగావు కాబట్టి ఇదిగో, నా చేతిరాత.

ఎలా తెలుసుకున్నానో చెబుతాను. నీ పెట్టెకు తోడుగా చేసిన రెండోదాన్ని ఇంటికి తెప్పించాను. నీ దేవుడి అరలాగే మా పూజగదిలో కింద పెట్టి, కిటికీ మూసేశాను. మా ఆయన బల్బుల పలక ఊడదీసి తెచ్చి గోడకు ఆనించి, “నేనుండనా?” అన్నారు. “వద్దండీ, కౌసల్య నా చెయ్యి అడిగింది” అన్నాను. ఆయన బయట మెట్ల మీద కూర్చున్నారు.

మొదటి రోజు ఐదు బల్బులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా జపం చేసుకుంటూ కూర్చున్నాను. మూసిన గదిలో ఐదు బల్బుల వెలుగు పసుపు నీళ్ళలా నిండిపోయింది. బయట నినాదాలు చేస్తూ ఊరేగింపు వెళ్తుంటే, ఆ గొంతులు నీటి కింద నుంచి విన్నట్టున్నాయి. పెట్టె పాడే రాగం నెమ్మదిగా మారడం తెలిసింది. నువ్వు రాసినట్టు నేల మీద అరికాలు ఆనించాను. నీకు ఊపిరి ఎలా తెలుస్తుందో నాకూ తెలిసింది. నాలుగింటికి ఆపి, చెయ్యి పెట్టాను. నాలుగు లెక్కపెట్టేసరికి చెయ్యి తీసేశాను.

రెండో రోజు నాలుగు బల్బులు. పది దాకా లెక్కపెట్టాను. పదకొండు కూడా పెట్టగలిగాను. మిషను మొదలైన క్షణంలో ఒక పెద్ద గుక్క కరెంటు తాగుతుంది, మామూలుకు మూడింతలు కావాలి. అది మోస్తుందో లేదో తెలియాలని ఇంటి నీళ్ళ మోటారు తగిలించి పదిసార్లు ఆపి, పదిసార్లు వేశాను. మోసింది.

నిన్న మూడో రోజు. రాజయ్య గారికి ఒక్క ఫ్యానైనా ఇవ్వాలని నాకు ఆశ. నాలుగు బల్బులకు తోడు ఒక ఫ్యాను పెట్టాను. ఈసారి జపంలో మనసు నిలవలేదు. అమ్మవారిని అడగకూడనిది అడిగాను, ఈ ఒక్క ఫ్యానూ మోయించమని. నాలుగింటికి చెయ్యి పెట్టాను. ఆరు, ఏడు. బిగబట్టి ఎనిమిది అనబోయాను. చెయ్యి దానంతట అదే లేచిపోయింది. అరచెయ్యి కొంచెం కమిలింది. ఎనిమిది అనుకుని నీకు పది అని రాయడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది.

మా ఆయన ఎనిమిది వందల ప్లేట్లన్నీ పాత ఇనుముకు వేసేశారు. ఆ ప్లేట్లతో ఈ నెల రోజుల్లో అమ్మినవి ఇరవై మూడు. సమ్మెతో బస్సులు లేవు కాబట్టి ఇద్దరం నడిచే చైతన్యపురి హాస్టళ్ళు తిరుగుతున్నాం. పాత ప్లేట్లు బిగించి, ఎన్ని ఫ్యాన్లు తీసేయాలో చెప్పి వస్తున్నాం. కొందరు పెట్టెలు వెనక్కిచ్చారు. హాస్టలు నడిపే అండాలమ్మ గారైతే, “ఎనిమిది వందలని చెప్పి ఐదు వందలంటివి, మా మెస్సు చారు లెక్కనే ఉన్నది గద సారు నీ యవ్వారం!” అని పిల్లలందరి ముందూ అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. ఆయన తలవంచుకుని స్క్రూలు బిగిస్తూనే, “అవునమ్మా” అన్నారు. మీర్‌పేట్‌లో ఇంకా ఆరు ఇళ్ళున్నాయి, రేపు వెళ్తాం.

నన్ను అక్కా అని పిలవమని అడగను. ఈ కాగితం లచ్చమ్మకు కూడా చదివి వినిపించు, అంకెతో సహా.

పెట్టె ఈ రోజే నడుపు. సిలిండర్లు దాచి ఉంచు. ఫ్యాను మాత్రం పెట్టకు, ఎవరు చెప్పినా, నేను మెత్తబడి చెప్పినా. రాజయ్య గారికి ఉక్కపోస్తే చేత్తో విసురు. రోడ్ల మీద బస్సు కదిలిన మొదటి రోజున వస్తాను. నీ చెయ్యి నొప్పి పుట్టినప్పుడు నేను విసురుతాను.

దుర్గ